ఒక సీసా నీటితో తేలని సత్యం: భూగర్భ ఇంధన కాలుష్యాన్ని అంచనా వేసే విధానం

(వార్డు స్థాయి పౌర సమావేశంలో తెలుగువారి కోసం ఏర్పాటైన ప్రసంగ పాఠం)



పెట్రోలు బంకుకు వెళ్ళిన వ్యక్తికి కనిపించేవి పంపు, గొట్టం, మీటరు. అసలు సరుకు అతని కాళ్ళ కింద ఉంటుంది. వేల లీటర్లు పట్టే ఇనుప ట్యాంకులు, వాటిని పంపులకు కలిపే పైపులు అన్నీ మట్టిలో పూడ్చి ఉంటాయి. అగ్నిప్రమాదం నుంచి రక్షణకు ఈ ఏర్పాటు మంచిదే. కాని కంటికి కనబడని చోట ఉన్న వస్తువు చెడిపోతే ఆ చెడు కూడా కంటికి కనబడదు. ట్యాంకు అడుగు తుప్పు పట్టినా, పైపుల అతుకు వదులైనా, నెలల తరబడి ఎవరికీ తెలియకుండా ఇంధనం నేలలోకి దిగిపోగలదు.

సెకనుకు ఒక్క చుక్క కారుతున్నదనుకోండి. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు అనే లెక్కన అది రోజుకు 4 లీటర్లకు పైగా, ఏడాదికి సుమారు 1,500 లీటర్లు అవుతుంది. రోజూ వేల లీటర్లు అమ్మే బంకు ఖాతాలో ఆ నాలుగు లీటర్ల తేడా ఆవిరి నష్టంలోనో, కొలత తేడాలోనో కలిసిపోతుంది. భూమి ఖాతాలో మాత్రం కలిసిపోదు. ఈనాటి భారతీయ ప్రమాణాల ప్రకారం పెట్రోలులో బెంజీన్ ఒక శాతానికి మించరాదు. ఆ ఒక్క శాతమే ఉన్నా, లీటరు పెట్రోలులో దాదాపు 9 గ్రాముల బెంజీన్ ఉంటుంది. తాగునీటిలో బెంజీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. అంటే ఒక్క లీటరు పెట్రోలులోని బెంజీన్ ఎనిమిది లక్షల లీటర్లకు పైబడిన నీటిని ఆ హద్దు దాకా తీసుకుపోగలదు. 12,000 లీటర్ల నీటి లారీలు సుమారు డెబ్బై వరుసగా నిలబెడితే అంత నీరు. బెంజీన్ మనిషికి క్యాన్సర్ కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. రక్త క్యాన్సర్‌తో దానికి గల సంబంధం స్థిరపడిన విషయం.

ఇది ఎక్కడో దూరదేశపు ముచ్చట కాదు. తరతరాలుగా తెలుగు కుటుంబాలు కాపురమున్న ఉత్తర చెన్నైలోనే, తండయార్‌పేటలో, 2013లో బోరు నీటిలో పెట్రోలు వాసన వస్తున్నదని నివాసులు మొరపెట్టుకున్నారు. తిరువొత్తియూరు హైరోడ్డు పరిసరాల ఇళ్ళలో తోడిన నీటిపై ఇంధనం తేలింది. అక్కడ కారినది బంకు ట్యాంకు కాదు. ఓడరేవు నుంచి నిల్వ కేంద్రానికి ఇంధనం చేరవేసే భూగర్భ పైపులైను. విషయం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. పైపు మరమ్మతుతో సమస్య ముగియలేదు. నేలలోకి దిగిన ఇంధనాన్ని గుర్తించడం, తోడడం, నీటిని మళ్ళీ మళ్ళీ పరీక్షించడం తరువాత మిగిలిన పని. ట్యాంకు కారినా పైపు కారినా నేల కింద జరిగే క్రమం ఒక్కటే. కనుక ఆ క్రమం ప్రతి వీధికీ తెలిసి ఉండవలసినది.

నేలలోకి దిగిన ఇంధనం నాలుగు రూపాలు ధరిస్తుంది. కొంత భాగం మట్టి రేణువుల మధ్య చిక్కి అక్కడే నిలుస్తుంది. మిగిలినది కిందికి జారి భూగర్భ నీటిమట్టాన్ని తాకుతుంది. నీటికంటె తేలిక కనుక దానిపై పొరగా పరచుకుంటుంది. ఆ పొరలోని బెంజీన్, టోలుయీన్, ఇథైల్ బెంజీన్, జైలీన్ వంటివి కొద్దికొద్దిగా నీటిలో కరిగి, నీటితో పాటు ప్రయాణిస్తాయి. ఇంకొంత ఆవిరై మట్టి సందుల గుండా పైకి, పక్కలకు పాకుతుంది. మొదటిది మట్టి పరీక్షలో, రెండవది బావిలోని తేలుడు పొరలో, మూడవది నీటి పరీక్షలో, నాలుగవది ఆవిరి పరీక్షలో బయటపడతాయి. ఒక రూపాన్ని వెదికే పరీక్షతో మరొక రూపం దొరకదు.

ఇక్కడే ఎక్కువ వీధులలో పొరపాటు జరుగుతుంది. వాసన వచ్చిన ఇంటివారు ఒక ప్లాస్టిక్ సీసాలో నీరు పట్టి, రెండు రోజులు గూట్లో ఉంచి, తరువాత దగ్గరలోని ప్రయోగశాలకు పంపుతారు. అక్కడ ఉప్పు శాతం, కఠినత్వం, సూక్ష్మజీవులు చూసి "తాగవచ్చు" అని కాగితం ఇస్తారు. ఆ కాగితం అబద్ధం కాదు. కాని అడిగిన ప్రశ్నకు సమాధానమూ కాదు. బెంజీన్ వెదకమని ఎవరూ అడగలేదు. అడిగినా, ఆ సీసాలోనుంచి అది అప్పటికే ఆవిరై పోయింది. ఒక సీసా నీరు ఒక బావి ఒక రోజు ఎలా ఉన్నదో కొంతవరకు చెబుతుంది. కాలుష్యం ఎక్కడ పుట్టింది, ఎటు పోతున్నది, ఎవరి బావిని రేపు చేరుతుంది అన్నవి అది చెప్పలేదు.

వాసన ఆగినంత మాత్రాన ప్రమాదం ఆగినట్లూ కాదు. చెన్నై తీరపు ఇసుక, బంకమన్ను నేలలలో నీటిమట్టం ఋతువును బట్టి పెరుగుతుంది, తరుగుతుంది. వేసవిలో నీరు కిందికి దిగినప్పుడు దానిపై ఉన్న ఇంధనపు పొర కూడా దిగి, దారి పొడవునా మట్టికి అంటుకుంటుంది. ఈశాన్య ఋతుపవనాల వానలతో నీరు పైకి లేచినప్పుడు ఆ అంటిన ఇంధనంలో కొంత నీటి అడుగున బందీ అవుతుంది. బావిలో పొర కనబడదు, వాసన తగ్గుతుంది, వీధి ఊపిరి పీల్చుకుంటుంది. మళ్ళీ వేసవి వచ్చేసరికి పొర తిరిగి ప్రత్యక్షమవుతుంది. కనుక ఒక ఋతువులో చేసిన పరీక్షను బట్టి తీర్పు చెప్పరాదు.

మరి సరియైన పరిశీలన ఎలా సాగాలి?

అన్నిటికంటె ముందు ప్రాణరక్షణ. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. నేలమాళిగలలో, సంపులలో, మురుగు కాలువలలో చేరి నిలుస్తుంది. గాలిలో దాని పాలు సుమారు ఒకటిన్నర శాతానికి చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. మెక్సికో దేశంలోని గ్వాడలహారా నగరంలో పైపు నుంచి కారిన పెట్రోలు మురుగు కాలువలలోకి చేరింది. వాసన వస్తున్నదని జనం కొన్ని రోజుల ముందు నుంచే ఫిర్యాదు చేశారు. 1992 ఏప్రిల్ 22న కాలువల వెంట వరుసగా పేలుళ్ళు జరిగి వీధులే చీలిపోయాయి. రెండు వందల మందికి పైగా మరణించారు. సంపులో పెట్రోలు వాసన వస్తే అక్కడ మోటారు వేయరాదు, స్విచ్చు తాకరాదు, వాసన నిజమో కాదో చూడడానికి అగ్గిపుల్ల గీయరాదు. అందరూ బయటికి వచ్చి అగ్నిమాపక శాఖకు తెలపాలి. ఆ నీటిని కాచి తాగడం విరుగుడు కాదు. కాచినప్పుడు బెంజీన్ వంటగది గాలిలోకి చేరుతుంది. వేడినీటి స్నానంలోనూ అంతే. కనుక ఫలితాలు తేలేవరకు ఆ నీటిని తాగడానికి, వంటకు, స్నానానికి పక్కన పెట్టి వేరే నీరు ఏర్పాటు చేయాలి.

రెండవది స్థల చరిత్ర. ట్యాంకులు ఎన్ని, ఏ ఏడు పూడ్చారు, ఒక పొరవా రెండు పొరలవా, ఎప్పుడు బిగువు పరీక్ష చేశారు అన్నవి ముందు తెలియాలి. బంకులో రోజూ డిప్ రాడ్‌తో నిల్వ కొలుస్తారు. ఉదయపు నిల్వకు వచ్చిన సరుకు కలిపి, అమ్మకం తీసివేస్తే సాయంత్రపు నిల్వ రావాలి. ఒకనాటి తేడాకు అర్థం లేకపోవచ్చు. నెలల తరబడి తేడా ఒకే వైపు ఉంటే అది కారుడుకు సాక్ష్యం. ట్యాంకు అడుగున నీరు చేరడమూ ఒక గుర్తే, ఎందుకంటే లోపలికి నీరు రాగల రంధ్రం గుండా బయటికి ఇంధనమూ పోగలదు. మూతబడిన పాత బంకులు, వర్కుషాపులు, బస్సు డిపోలు, జనరేటరు డీజిల్ ట్యాంకులు కూడా ఈ చరిత్రలో చేరాలి. ఇప్పుడు పనిచేస్తున్న బంకునే అనుమానించి, పక్కనే మట్టిలో వదిలేసిన పాత ట్యాంకును మరిచిపోవడం సులభం.

మూడవది మట్టి. అనుమానిత స్థలంలోను, దాని చుట్టూ కొన్ని చోట్లా రంధ్రాలు తొలిచి, లోతు పెరిగేకొద్దీ మట్టి తీస్తారు. ప్రతి లోతు మట్టిని మూసిన సంచిలో కొంతసేపు ఉంచి, లోపల చేరిన ఆవిరిని చేతి మీటరుతో కొలుస్తారు. మీటరు ఎక్కువ చూపిన లోతుల నుంచి, నీటిమట్టానికి సరిగ్గా పైనున్న పొర నుంచి నమూనాలు ప్రయోగశాలకు వెళతాయి. తీసిన మట్టిని ఎండలో ఆరబోసి, పిసికి, కలిపి పంపితే వెదికే పదార్థమే ఎగిరిపోతుంది. అందుకే కదలించకుండా తీసి, వెంటనే మూసి, మంచులో ఉంచి పంపడం నియమం.

నాలుగవది నీటి నడక. ఈ పరిశీలనకు ఇదే వెన్నెముక. భూగర్భ జలం నిలిచి ఉండదు, వాలును బట్టి కదులుతుంది. ఆ వాలు పైన కనిపించే రోడ్డు వాలు కానక్కరలేదు. కనీసం మూడు బావులు, ఒకే గీతపై లేనివి, కావాలి. ప్రతి బావి అంచు ఎత్తును సర్వే చేసి, లోపలి నీటి లోతును ఒకే రోజు కొలిస్తే నీరు ఎటు వాలి ఉన్నదో లెక్క తేలుతుంది. ట్యాంకుకు ఎగువన ఒక బావి ఉండాలి. అక్కడి నీరు శుభ్రంగా ఉండి దిగువన కలుషితమై ఉంటే మూలం మధ్యలో ఉన్నట్లు. ఎగువ బావి లేని నివేదికలో బాధ్యుడు "ఇది ఎక్కడినుంచో వచ్చింది" అని తప్పించుకునే దారి మిగిలిపోతుంది. అపార్టుమెంటులో రాత్రింబవళ్ళు నడిచే లోతైన బోరు ఒకటి ఉంటే అది నీటి నడకనే తన వైపు తిప్పుకోగలదు. కొత్త బంకులకు బడులు, ఆసుపత్రులు, నివాసాల నుంచి 50 మీటర్ల దూరం పాటించాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ దూరం అవసరమే. అయితే భూగర్భ జలం విషయంలో దూరంతో పాటు దిక్కు కూడా చూడాలి. దిగువన వంద మీటర్ల దూరాన ఉన్న బావికి, ఎగువన ఇరవై మీటర్ల దూరాన ఉన్న బావికంటె ఎక్కువ ముప్పు ఉండవచ్చు.

ఐదవది నీటి నమూనా. బావిలో తేలే పొర ఉంటే ముందు దాని మందం కొలుస్తారు. బావిలో కనిపించే మందం మట్టిలోని అసలు మందంకంటె తరచు ఎక్కువగా ఉంటుంది కనుక, దానినుంచి నేరుగా ఎన్ని లీటర్లు కారిందో లెక్క కట్టరాదు. నమూనాకు ముందు బావిలో నిలువ ఉన్న నీటిని తోడివేసి, నేలలోనుంచి కొత్తగా వచ్చిన నీటిని పట్టాలి. చిన్న గాజు సీసా వాడాలి. ఒక్క గాలి బుడగ లేకుండా నింపి, సీసాను తలకిందులు చేసి చూసి, మంచుపెట్టెలో ఉంచాలి. గుర్తింపు పొందిన ప్రయోగశాలలో బెంజీన్ మొదలైన నాలుగింటిని, నాఫ్తలీన్‌ను, మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్లను విడివిడిగా అడగాలి. ఏ సీసా ఏ బావిది, ఎవరు పట్టారు, ఎప్పుడు చేరింది అనే వివరాల పత్రం సీసాతో పాటు నడవాలి.

పెట్రోలులో కలిపే పదార్థాలనూ మరువరాదు. అమెరికాలోని శాంటా మోనికా నగరం 1996లో తన తాగునీటి బావులలో అనేకం మూసివేయవలసి వచ్చింది; కారణం ఇంధనంలో కలిపిన ఎం.టి.బి.ఇ. అనే పదార్థం నీటిలో సులభంగా కరిగి బావులకు చేరడం. ఈ దేశంలో ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ ఇరవై శాతం వరకు కలుస్తున్నది. ఇథనాల్ అంతటి విషం కాదు. కాని నేలలోని సూక్ష్మజీవులు ముందుగా దానినే తిని అక్కడి ప్రాణవాయువును ఖర్చు చేస్తాయి. అప్పుడు బెంజీన్ విచ్ఛిన్నం నెమ్మదించి అది ఇంకాస్త దూరం ప్రయాణించే అవకాశం ఉంది. సాధారణంగా ఆ సూక్ష్మజీవులే ఇంధనాన్ని క్రమంగా విరిచి నేలను కొంతవరకు శుభ్రపరుస్తాయి. "ప్రకృతే శుద్ధి చేస్తుంది" అన్న మాటలో నిజం ఉన్నది. అయితే మూలాన్ని ఆపి, తేలే పొరను తోడి, బావులలో బెంజీన్ ఏడాదికేడాది తగ్గుతున్నదని కొలిచి చూపినప్పుడే ఆ మాటకు విలువ. కొలవకుండా అనే ఆ మాట సోమరితనానికి ముసుగు మాత్రమే.

చివరిగా, ఈ సమాచారమంతా ఒక పటం మీదికి రావాలి. మూలం ఎక్కడ, కాలుష్యం నడిచే దారి ఏది, ఆ దారిలో ఉన్న మనుషులు ఎవరు అన్న మూడు ప్రశ్నలకు పటం సమాధానం చెప్పాలి. తాగే నీరు, ఇంట్లోకి చేరే ఆవిరి, తవ్వకం పనిలో చేతికి అంటే మట్టి అనే మూడు దారులనూ విడివిడిగా చూడాలి. బావి మూసివేస్తే మొదటి దారి మాత్రమే మూసుకుంటుంది.

ఇంతవరకు చెప్పినది నిపుణుల పని. పౌరుల వంతు పని ఒకటి ఉన్నది. అది ఏ నిపుణుడూ వెనక్కి వెళ్ళి చేయలేనిది. వాసన మొదట ఏనాడు వచ్చింది, ఏ బోరులో, ఆ బోరు లోతెంత, వాన తరువాత తగ్గిందా, ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి పాకింది అన్నవి వీధివారికే తెలుసు. ఒక్కొక్క ఇంటివారు విడిగా జ్ఞాపకం పెట్టుకుంటే అది పుకారు. తేదీలతో ఒక పుస్తకంలో రాస్తే సాక్ష్యం. జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం, 2010 ప్రకారం నష్టపరిహారం కోరేవారు కారణం మొదట తలెత్తిన నాటి నుంచి ఐదేళ్ళలోగా దరఖాస్తు చేయాలి. ఆ మొదటి తేదీ ఎవరి దగ్గరా లేకపోతే న్యాయమైన కోరిక కూడా గడప దగ్గరే ఆగిపోవచ్చు. ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనం చెన్నైలోనే ఉన్నది.

రాతపూర్వక ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి? నీరు, నేల కలుషితమైతే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి, నకలు జిల్లా కలెక్టరుకు, కార్పొరేషన్ ఆరోగ్య విభాగానికి. ట్యాంకు భద్రతకు సంబంధించి పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థకు. పరీక్షా నివేదికలను సమాచార హక్కు చట్టం, 2005 కింద కోరవచ్చు. కాలుష్యం చేసినవాడే శుద్ధి ఖర్చు భరించాలన్న సూత్రం ఈ దేశపు చట్టంలో భాగమని సుప్రీంకోర్టు 1996లో ప్రకటించింది. ఆ తీర్పు వచ్చినది తమిళనాడులోని తోళ్ళ శుద్ధి కర్మాగారాల వల్ల వెల్లూరు ప్రాంతపు నీరు చెడిన వ్యాజ్యంలోనే. కలుషిత స్థలాలను గుర్తించి, పరిశీలించి, బాధ్యునిచేత శుద్ధి చేయించే క్రమాన్ని నిర్దేశిస్తూ కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2025లో ప్రత్యేక నియమాలను ప్రకటించింది.

చట్టం ఉన్నా నోరు తెరవడానికి వెనకాడేవారు ఉంటారు. ఇల్లు అమ్ముడుపోదని యజమాని భయం. ఖాళీ చేయమంటారని అద్దెకున్నవారి భయం. పొరుగు రాష్ట్రం నుంచి పనికోసం వచ్చి, స్థానిక భాషలో అర్జీ రాయలేని కుటుంబానికి ఆ భయం రెట్టింపు. అయితే భూగర్భ జలానికి పట్టాదారు, అద్దెదారు భేదం తెలియదు. గోడ ఎక్కడ ఉన్నదో కూడా తెలియదు. ఒక ఇల్లు దాచిన వాసన దిగువన ఉన్న పది ఇళ్ళకు చేరుతుంది. అందుచేత ఫిర్యాదు ఒక ఇంటి పేరున కాక వీధి పేరున వెళ్ళడం మేలు. తెలుగు, తమిళం రెండూ వచ్చినవారు ప్రతి వీధిలోనూ ఉన్నారు. అర్జీ రాయడానికి, వచ్చిన నివేదికను ఇరుగుపొరుగుకు చదివి వినిపించడానికి వారు ముందుకు రావాలి.

నివేదిక చేతికి వచ్చినప్పుడు అడగవలసిన ప్రశ్నలు ఐదు. బెంజీన్ విడిగా చూశారా? ఎగువ బావి ఏది? నీరు ఎటు నడుస్తున్నదని కొలిచారు? వేసవిలోను, వానల తరువాతా రెండుమార్లు పరీక్షించారా? ఇళ్ళలోకి ఆవిరి చేరుతున్నదేమో చూశారా? ఈ ఐదింటికీ సమాధానం ఉన్న నివేదికను నమ్మవచ్చు. ఏ ఒక్కదానికి లేకున్నా పరిశీలన ఇంకా ముగియలేదని, బోరు మళ్ళీ తెరవవలసిన వేళ ఇంకా రాలేదని గ్రహించాలి.